దారి ఎవరిది?

పోలవరంలో ఎర్రదీపం చూసి బండి ఆపే అలవాటు ఎవరికీ లేదు. దీపమే లేనప్పుడు అలవాటెక్కడిది? అక్కడ దారికి అడ్డుపడేవి వేరే ఉన్నాయి. శివరాత్రికి పట్టిసం తిరనాళ్ళ జనం, పొద్దువాలే వేళ ఇళ్ళకు మళ్ళే గేదెలు, ప్రాజెక్టుకు రాయీ మట్టీ మోసే టిప్పర్లు, శ్రావణ భాద్రపదాల్లో సాక్షాత్తూ గోదావరి. వీటిలో వేటికీ మూడు రంగులు లేవు, వెనక్కి లెక్కపెట్టే అంకెలూ లేవు. అయినా ఎవరో ఒకరు దిగి, చెయ్యి అడ్డం పెట్టి, "పేషెంటుందండీ, జరగండి" అంటే జరుగుతారు. గోదావరిని మినహాయిస్తే తక్కినవన్నీ జరుగుతాయి. గేదెలు కూడా, కొంచెం ఆలస్యంగా.

కొన్నేళ్ళ క్రితం సంక్రాంతి రోజుల్లో మా నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చింది. ఊళ్ళో డాక్టరుగారు చూసి, ఇక్కడ పెట్టుకోవద్దు, రాజమండ్రి తీసుకుపొండి అన్నారు. 108 వచ్చింది. అమ్మ వెనక నాన్నగారి దగ్గర కూర్చుంది, నేను డ్రైవరు పక్కన. పట్టిసం, గూటాల, తాళ్ళపూడి మీదుగా కొవ్వూరు దాకా సుమారు ముప్పై కిలోమీటర్ల దారి. కోడిపందేల రోజులు కనుక ఊరూరా జనమే. అయినా ఆ ముప్పై కిలోమీటర్లలో మా బండి ఒక్కసారి కూడా పూర్తిగా ఆగలేదు. గోదావరి దాటి నగరంలోకి వచ్చాక, ఒక కూడలిలో ఆగింది.

అక్కడ దీపం ఎర్రగా ఉంది. అంకెలు తొంభై దగ్గరనుంచి దిగుతున్నాయి. మా ముందు ఒక కారు, దాని ముందు రెండు ఆటోలు, ఒక మోటారు సైకిలు. సైరను మోగుతూనే ఉంది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, "కొద్దిగా తియ్యండి బాబూ, కొద్దిగా" అని బతిమాలుతున్నాడు. కారులో ఉన్నాయన తన అద్దంలో మమ్మల్ని చూస్తూనే ఉన్నాడు. ఒకసారి మా వంక, ఒకసారి స్తంభం మీది కెమెరా వంక, మళ్ళీ మా వంక. కదలలేదు. తొంభై సెకన్లు గడిచాక, దీపం పచ్చబడ్డాక, అందరితో పాటే కదిలాడు.

నాన్నగారు బాగానే ఉన్నారు, చదువరులు కంగారు పడవద్దు. ఆవకాయ విషయంలో డాక్టర్ల మాట వినరు, అది వేరే సంగతి. కానీ ఆ కారాయన మీద అప్పుడు నాకు వచ్చిన కోపం నెమ్మదిగా ఒక ప్రశ్నగా మారి నన్ను వదలకుండా పట్టుకుంది. గూటాల గేదెలు చేసిన పని చదువుకున్న మనిషి ఎందుకు చేయలేకపోయాడు? ఇద్దరు ఒకే దారిన పోవలసి వచ్చినప్పుడు ఎవరు తప్పుకోవాలి అన్న విషయంలో మనవాళ్ళు పూర్వం ఏమి చెప్పుకున్నారు, దీపస్తంభం వచ్చి ఆ మాటను ఏమి చేసింది అని కొన్నాళ్ళు చదివాను. ఆ చదివినదానిలో నాకు అందినంత ఇక్కడ పెడుతున్నాను.

* * *

దారి తగవు చాలా పాతది. తెలుగునాట బ్రాహ్మణుల్లో అత్యధికులు తమదని చెప్పుకునే సూత్రం ఆపస్తంబుడిది. ఆయన ధర్మసూత్రంలో దారిని గురించి ఒక చిన్న భాగం ఉంది. దారి రాజుదట. ఎదురుగా బ్రాహ్మణుడు వస్తే బ్రాహ్మణుడిదట. ఆ తరువాత మాట గమనించదగినది: వాహనానికి, బరువు మోసేవాడికి, ఆతురుడికి, స్త్రీకి అందరూ దారి ఇవ్వాలి. ఆతురుడు అంటే రోగి. 'అందరూ' అన్న మాట కూడా ఆయనదే, నేను కలిపింది కాదు.

ఇక్కడ ఒక చిన్న పిడకలవేట. ఆతురుడు అన్న ఆ మాట నుంచే మనకు ఆతురత వచ్చింది, వాడుకలో ఆత్రం అయింది. సంస్కృతంలో రోగిని చెప్పే మాట తెలుగులో తొందరను చెప్పే మాటగా ప్రసిద్ధికెక్కింది. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని సామెత కూడా కట్టి, ఆ మాటకున్న జబ్బు మనిషిని పూర్తిగా మరిచిపోయాం. సైరను వినబడగానే "వీడికేం తొందరో" అని విసుక్కునే మనిషికీ, ఈ మాట పడిన పాట్లకూ ఏదో చుట్టరికం ఉందని నా అనుమానం.

మనుస్మృతి రెండో అధ్యాయంలో ఇంకొంచెం పొడుగు జాబితా ఉంది. బండిలో వెళ్ళేవాడు, తొంభై దాటిన ముసలివాడు, రోగి, బరువు మోసేవాడు, స్త్రీ, చదువు ముగించుకున్న స్నాతకుడు, రాజు, పెళ్ళికొడుకు. వీళ్ళకు తక్కినవాళ్ళు తప్పుకోవాలి. వీళ్ళల్లో వీళ్ళకే ఎదురైతే స్నాతకుడూ రాజూ మాన్యులు, ఆ ఇద్దరూ ఎదురైతే స్నాతకుడిదే గెలుపు. పెళ్ళికొడుకును చేర్చిన పెద్దమనిషికి, ఒకనాటికి పెళ్ళికొడుకు వెనక డీజే బండి కూడా వస్తుందనీ, దాని వెనక ఆంబులెన్సు నిలబడిపోతుందనీ ఊహ ఉండి ఉండదు.

మహాభారతం వనపర్వంలో అష్టావక్రుడి కథ ఉంది కదా. పన్నెండేళ్ళ కుర్రవాడు, వంకరలు తిరిగిన ఒళ్ళు, జనకుడి యజ్ఞానికి మేనమామతో బయలుదేరాడు. దారిలో రాజు ఎదురయ్యాడు. భటులు పక్కకు పొమ్మన్నారు. అప్పుడు ఆ కుర్రవాడు దారి ఎవరిదో వరుసగా అప్పజెప్పాడు: గుడ్డివాడిది, చెవిటివాడిది, స్త్రీది, బరువు మోసేవాడిది, ఆ తరువాత రాజుది. బ్రాహ్మణుడు ఎదురైతే మాత్రం ముందు అతడిదే. జనకుడు తప్పుకున్నాడు. ఇదే అరణ్యపర్వాన్ని కొంతమేర తెలుగు చేసి, మిగతాది విడిచిపెట్టి వెళ్ళిన నన్నయ మా నాన్నగారు ఆగిపోయిన ఆ రాజమహేంద్రవరంలోనే కూర్చుని రాశాడు.

జాతక కథల్లో ఇంతకన్నా ఇరుకైన దారి ఒకటి ఉంది. రాజోవాద జాతకం. కాశీరాజు బ్రహ్మదత్తుడు, కోసలరాజు మల్లికుడు తమ తమ తప్పులు ఎవరైనా చెబుతారేమోనని మారువేషాల్లో తిరుగుతూ, రెండు రథాలు పట్టని లోతట్టు దారిలో ఎదురుపడ్డారు. సారథులు వాదులాడుకున్నారు. వయసు చూశారు, సమానం. రాజ్యం, సైన్యం, ధనం, కీర్తి, వంశం, అన్నీ సమానమే. చివరికి గుణం చూశారు. మల్లికుడు మంచికి మంచి, చెడుకు చెడు చేసేవాడు. బ్రహ్మదత్తుడు చెడును మంచితో గెలిచేవాడు. ఆ మాట వినగానే మల్లికుడూ సారథీ రథం దిగి, గుర్రాలను విప్పి, రథాన్ని పక్కకు లాగి దారి ఇచ్చారు. కథ గొప్పదే. కాని ఆ చర్చ అంతా జరుగుతున్నంతసేపూ ఆ రథాల వెనక ఎవరైనా మంచం మీద మోసుకొస్తున్న రోగి ఉంటే అతని గతేమిటి అని చదువుతున్నప్పుడు నాకు అనిపించింది. సంక్రాంతి తరువాత నా చదువు అలా పాడైపోయింది.

ఈ జాబితాలన్నిటిలోనూ రోగికో, బలహీనుడికో చోటుంది. ఇంతవరకు చెప్పి ఊరుకుంటే మన పూర్వులు ఎంత దయామయులో అని మురిసిపోవచ్చు. కాని ఆపస్తంబుడి ఆ చిన్న భాగంలోనే తరువాతి మాట, కింది వర్ణాలవాళ్ళు పై వర్ణాలవాళ్ళకు దారి ఇవ్వాలని. కాగితం మీద ఆతురుడికీ అగ్రవర్ణుడికీ పక్కపక్కన చోటు దొరికింది. నేల మీద మిగిలింది రెండోది. పెద్ద కులాల వీధుల్లో చెప్పులు చేతపట్టుకుని నడిచిన మనుషుల కథ చెప్పడానికి ఏ సూత్రగ్రంథమూ అక్కరలేదు, మన మండలాల్లో పెద్దవాళ్ళను అడిగితే చాలు. పల్లకీ ముందర పరుగెత్తుతూ పరాకులు చెప్పినవాళ్ళ గొంతులో ఆతురుడి పేరు ఎప్పుడూ వినబడలేదు. (ఆ సూత్రం ఇంకో మాట కూడా చెప్పి ముగుస్తుంది. తాగినవాడికీ పిచ్చివాడికీ కూడా అందరూ దారి ఇవ్వాలట, మన క్షేమం కోసం. ఇది మాత్రం జాతీయ రహదారి మీద ఇప్పటికీ పాటించదగిన సూత్రమే.)

* * *

ఏటి దారిలో జాబితాలు చెల్లవు. రాజమండ్రి నుంచి పోలవరం మీదుగా భద్రాచలం వైపు లాంచీలు నడిచిన కాలంలో మా వాళ్ళకు పట్నం అంటే రేవు. జబ్బుమనిషిని మంచంతో సహా రేవుకు మోసుకెళ్ళి లాంచీ కోసం చూడడమే. కొవ్వూరు దగ్గర గోదావరి మీద 1900 నుంచి రైళ్ళు నడిచాయి గాని ఆ పాత హేవలాక్ వంతెన రైళ్ళకు మాత్రమే. 1974లో రోడ్డూ రైలూ కలిసిన వంతెన వచ్చేదాకా కొవ్వూరులో బండి కట్టుకుని అదే బండిలో రాజమండ్రిలో దిగే వీలు లేదు. పడవలోని మనిషికి ప్రాణం మీదికి వచ్చినా, ఎదురుగాలి దారి ఇవ్వదు. మా తాతమ్మ కాలంలో జబ్బుమనిషిని పట్నం పంపడమంటే తిరిగి చూస్తామన్న ఆశ సగం వదులుకోవడమేనట. అందుకే మా ఇంట్లో 'రేవు దాటించారు' అన్న మాట ఇప్పటికీ రెండర్థాల్లో పలుకుతారు.

రైలు మాత్రం దారి తగవును ఒక పద్ధతిలోకి తెచ్చింది. ఒకే పట్టా మీద రెండు బండ్లకు చోటు లేదు కనుక, ఏ బండి ఆగాలో ఏది పోవాలో ముందే రాసిపెట్టుకోక తప్పలేదు. మన రైల్వేలో ఆ వరుసకు మొదటి స్థానం ప్రమాద స్థలానికి వెళుతున్న సహాయ బండిది. ఏ ఎక్స్‌ప్రెస్సయినా దానికోసం లూపు లైనులో నిలబడవలసిందే. ఆపస్తంబుడు చెప్పి ఊరుకున్నదాన్ని ఒక స్టేషను మాస్టరు మీట లాగి చేసి చూపించాడన్న మాట.

రోడ్డు మీది దీపం కూడా రైలు పట్టాల మీద పుట్టినదే. 1868 డిసెంబరులో లండనులో పార్లమెంటు భవనం ముందు మొట్టమొదటి రోడ్డు సిగ్నలు పెట్టినవాడు జె. పి. నైట్ అనే రైల్వే సిగ్నళ్ళ ఇంజనీరు. పగలు రైలు సిగ్నలు లాగే చేతులు, రాత్రి గ్యాసుతో వెలిగే ఎర్ర, పచ్చ దీపాలు. కొద్ది వారాలకే, 1869 జనవరిలో, గ్యాసు పేలి దాన్ని తిప్పుతున్న పోలీసుకు తీవ్రంగా గాయాలయ్యాయి. ఆ తరువాత చాలాకాలం ఎవరూ దాని జోలికి పోలేదు.

1914 ఆగస్టు 5న అమెరికాలో క్లీవ్‌లాండు నగరంలో విద్యుత్తుతో నడిచే సిగ్నలు వచ్చింది. దాని రూపకర్త జేమ్స్ హోగ్. ఆయన ఊహించిన పద్ధతిలో నాకు ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటుంది. అగ్నిమాపక దళం బండి, పోలీసు బండి వచ్చేటప్పుడు దీపాలను వాటికి అనుకూలంగా మార్చే వీలు అందులో మొదటినుంచీ ఉంది. అంటే అత్యవసర వాహనానికి ముందుదారి అన్నది, సిగ్నళ్ళు పెరిగి, రద్దీ పెరిగి, తరువాత ఎప్పుడో ఎవరికో తట్టిన సవరణ కాదు. విద్యుత్ దీపమూ, దాన్ని పక్కకు తప్పుకోమనే హక్కూ కవలపిల్లలు. మన నగరాలకు ఒక పిల్ల వచ్చింది, రెండోది దారిలో తప్పిపోయింది.

ఎందుకు తప్పిపోయింది అన్నదానికి వెళ్ళేముందు, ఎర్రదీపానికి చెందవలసిన గౌరవం చెల్లిద్దాం. వేల ఏళ్ళ దారి జాబితాల తరువాత, ఎదుటివాడి కులమేమిటి, హోదా ఏమిటి, రథమా కాలినడకా అని అడగకుండా అందరినీ ఒకే గీత వెనక నిలబెట్టిన మొదటి ధర్మశాస్త్రం అదే. బెంజికారూ రిక్షా పక్కపక్కన ఆగే చోటు మన దేశంలో సిగ్నలు తప్ప ఇంకేముంది? పాత జాబితాను మొత్తంగా చెరిపేసింది కనుకనే అది గొప్పది. చెరిపేటప్పుడు రాజుతో పాటు ఆతురుడి పేరు కూడా చెరిగిపోయింది. ఆ ఒక్క పేరును, ఒక్కదాన్నే, తిరిగి రాయడం ఎలాగన్నదే అసలు చిక్కు.

* * *

1960ల చివర్లో అమెరికాలో 3ఎం కంపెనీ ఆప్టికామ్ అనే ఏర్పాటును బజారులోకి తెచ్చింది. అగ్నిమాపక బండి నెత్తిన ఒక నిర్ణీత వేగంతో మెరిసే దీపం, సిగ్నలు స్తంభం మీద ఆ మెరుపును గుర్తుపట్టే కన్ను. కన్ను చూడగానే కూడలిలోని పెట్టెకు కబురందుతుంది. పెట్టె ఉన్నపళంగా పచ్చదీపం వేయదు, వేయకూడదు కూడా. అడ్డదారిలో అప్పటికే కదులుతున్న బండ్లకు పసుపు చూపాలి, రోడ్డు దాటుతున్న మనిషి దాటేదాకా ఆగాలి, అన్నివైపులా ఒక క్షణం ఎర్రగా ఉంచాలి, అప్పుడు అగ్నిమాపక బండి వస్తున్న వైపు పచ్చ. తరువాతి కాలంలో మెరుపు బదులు రేడియో, ఉపగ్రహాల ద్వారా బండి ఉనికి తెలుసుకునే పద్ధతులు వచ్చాయి. పని మాత్రం అదే.

దీన్ని గురించి మనలో చాలామందికి ఒక అపోహ ఉంది, నాకూ ఉండేది. పచ్చదీపం ఆంబులెన్సు కోసమని. ఆంబులెన్సు ఎర్రదీపాన్ని జాగ్రత్తగా దాటిపోగలదు. పచ్చదీపం కావలసింది దాని ముందున్న కారుకు. వరుసలో ఒక్కొక్క బండి కదలడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది. ముందు పదిహేను బండ్లుంటే అర నిమిషం. అంటే ఆంబులెన్సు కూడలికి చేరడానికి అర నిమిషం ముందే దీపం మారి, ఆ వరుస ఖాళీ కావడం మొదలుపెట్టాలి. సైరను వినబడేంత దగ్గరికి వచ్చాక చేసే ఏ ఏర్పాటయినా ఆలస్యమే. మన కూడళ్ళలో ఖాళీ ఉన్నచోటల్లా మోటారు సైకిళ్ళు నిండిపోతాయి కనుక, పక్కకు జరగాలన్న మంచి బుద్ధి పుట్టినా జరగడానికి జాగా ఉండదు. రాజమండ్రిలో ఆ కారాయనకు మేమిచ్చింది సైరను మాత్రమే, ఆయనకు కావలసింది పచ్చదీపం.

దొంగబుద్ధి మాటా చెప్పుకోవాలి. అదే వేగంతో మెరిసే చవక దీపాలను అమెరికాలో సొంత కార్లవాళ్ళు కొనుక్కుని తమకు తామే పచ్చదీపాలు వేసుకోవడం మొదలుపెట్టారు. 2005 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం దాన్ని నేరంగా ప్రకటించింది. మనకు అంత యంత్రం అక్కరలేకపోయింది. 2023 జూలైలో హైదరాబాదులో ఒక ఆంబులెన్సు సైరను మోగించుకుంటూ వస్తే ట్రాఫిక్కు పోలీసు కష్టపడి దారి చేశాడు. దారి చేసి చూసేసరికి ఆ బండి కొంత దూరంలో ఆగి ఉంది, డ్రైవరు చేతిలో మిరపకాయ బజ్జీలు. జరిమానా వేశారు. ఆ డ్రైవరు కాజేసింది పోలీసు శ్రమను మాత్రమే కాదు. మరుసటి రోజు ఎక్కడో ఇంకో సైరను వెనక నిజంగానే ఉన్న రోగి దగ్గరనుంచి కూడా కొంత కాజేశాడు. "లోపల ఎవరైనా ఉన్నారంటావా?" అని ముందు కారువాళ్ళకు కలిగే సందేహం అలాంటి బజ్జీలతోనే బలిసింది.

* * *

అమెరికాలో ఆ చట్టం చేసిన ఆ ఆగస్టులోనే, 15వ తేదీన, హైదరాబాదులో 108 మొదలైంది. తెలుగు జాలంలో మనలో కొందరు తొలి అక్షరాలు దిద్దుకున్న రోజులవి. సత్యం కంపెనీ రామలింగరాజు పెట్టిన సంస్థ, తరువాత ప్రభుత్వం కలిసింది, 2009లో ఆ కంపెనీ కథ అందరికీ తెలిసినట్టు కూలిపోయాక జీవీకే వాళ్ళు తీసుకున్నారు. మనుషుల మంచిచెడ్డలు ఎలా ఉన్నా ఆ మూడంకెలు మిగిలాయి. అంతకుముందు మన పల్లెల్లో ఆంబులెన్సు అంటే చాలావరకు శవాన్ని తెచ్చే బండి. ప్రాణంతో ఉన్న మనిషి కోసం బండి ఇంటి ముందుకు రావడం మాకు తెలియని విషయం. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 కలిపి 1,088 బండ్లను ఒకేసారి రోడ్డెక్కించారు.

బండ్లు వచ్చాయి. వాటికి దారి ఇవ్వాలన్న మాట చట్టంలో అంతకుముందే ఉంది. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే అగ్నిమాపక బండి, ఆంబులెన్సు వస్తే ప్రతి డ్రైవరూ పక్కకు జరిగి దారి వదలాలని రాసి ఉంది. 2017లో వచ్చిన కొత్త నియమాలు వాటికి వరుస కూడా ఇచ్చాయి: ముందు అగ్నిమాపక బండి, తరువాత ఆంబులెన్సు, ఆపైన పోలీసు. 2019 సెప్టెంబరు 1 నుంచి దారి ఇవ్వనివాడికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. చట్టం కారాయన చెవిలో ఇంత గట్టిగా చెబుతోంది. అదే సమయంలో స్తంభం మీది కెమెరా ఆయన కంట్లో కంటు పెట్టి చూస్తోంది. గీత దాటితే చలానా ఇంటికొస్తుందని ఆయనకు అనుభవం. దారి ఇవ్వకపోతే జైలుకు పోయినవాణ్ణి ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన లెక్క తప్పేమీ కాదు, లెక్క ఇచ్చినవాళ్ళది తప్పు.

పాత జాబితాలో రాజు ఎక్కడికీ పోలేదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. స్వతంత్రం వచ్చాక పల్లకీ పోయి ఎర్రబుగ్గ కారు వచ్చింది. దాని కోసం కూడళ్ళు ఆగాయి. ఆ ఆగిన వరుసల్లో ఆంబులెన్సులూ ఉన్నాయి. 2013 డిసెంబరులో సుప్రీంకోర్టు ఎర్రబుగ్గల మీద ఆంక్షలు పెట్టింది. 2017 మే 1 నుంచి కేంద్రప్రభుత్వం వాటిని తీయించేసింది. ఆ మరుసటి నెలే, జూన్ 17న, బెంగుళూరు ట్రినిటీ కూడలిలో నిజలింగప్ప అనే ట్రాఫిక్కు ఎస్సై ఒక ఆంబులెన్సును చూసి, సాక్షాత్తూ రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వాహనశ్రేణిని ఆపి, ముందు దాన్ని పంపాడు. పై అధికారులు మెచ్చుకుని బహుమతి ఇచ్చారు. జనకుడి కథ ఇరవయ్యొకటో శతాబ్దంలో మళ్ళీ జరిగిందని నాకు అనిపించింది. పాత కథకన్నా ఇదే కొంచెం బాగుంది కూడా. అష్టావక్రుడు తన దారి తానే వాదించి తెచ్చుకున్నాడు. ఆంబులెన్సులో పడుకున్న మనిషికి వాదించే ఓపిక ఎక్కడిది?

2020 నవంబరులో హైదరాబాదులో జరిగినది మీలో చాలామంది చూసే ఉంటారు. అబిడ్స్ ట్రాఫిక్కు స్టేషను కానిస్టేబులు బాబ్జీ, రద్దీలో చిక్కుకున్న ఆంబులెన్సు ముందర, ఒక్కొక్క బండినీ చేత్తో తట్టి జరుపుతూ దాదాపు రెండు కిలోమీటర్లు పరుగెత్తాడు. లోపలివాళ్ళు తీసిన ఆ దృశ్యం దేశమంతా తిరిగింది. నేను దాన్ని చాలాసార్లు చూశాను. ఆయన మీద గౌరవం పెరిగినకొద్దీ నగరం మీద సిగ్గు పెరిగింది. రెండు కిలోమీటర్ల పొడవునా దీపాలున్నాయి, తీగెలున్నాయి, కెమెరాలున్నాయి. వాటిలో ఒక్కటీ చేయని పనికి ఒక మనిషి ఊపిరితిత్తులు కావలసి వచ్చాయి. పూర్వం పల్లకీ ముందర పరుగెత్తినవాళ్ళ పరుగు, మొదటిసారి, రోగి కోసం జరిగింది.

అవయవదానం గుండెను మోసే బండికి మాత్రం మన నగరాల్లో దారి ముందే సిద్ధమవుతుంది. పోలీసులు ప్రతి కూడలిలోనూ నిలబడి, బండి రాకముందే వరుసలు ఖాళీ చేయిస్తారు. హైదరాబాదులో ఒక అడుగు ముందుకు వేసి రోడ్డునే వదిలేశారు. 2021 ఫిబ్రవరి 2న నాగోలు నుంచి జూబిలీహిల్స్ దాకా 21 కిలోమీటర్లు మెట్రో రైలులో గుండెను అరగంట లోపల చేర్చారు. 2025 జనవరి 17న ఎల్బీనగరు నుంచి లక్డీకాపూల్ దాకా 13 కిలోమీటర్లు 13 నిమిషాల్లో. రైలు నేర్పిన పాఠం మళ్ళీ రైలు దగ్గరికే చేరింది. నేను సంతోషించాను. సంతోషించాక, మనిషి గుండెను బయటికి తీసి పెట్టెలో పెడితే దొరికే దారి, అది మనిషి ఛాతీలోనే ఉండి నొప్పిపుడుతున్నప్పుడు ఎందుకు దొరకదు అని కూడా అనుకున్నాను. నాకు ఆ కోపం ఇంకా పూర్తిగా పోలేదని చదువరులు గ్రహించే ఉంటారు.

* * *

మళ్ళీ పోలవరం. ఇదంతా చదివి మా ఊళ్ళో ఒక పెద్దాయనకు చెబితే ఆయన నవ్వాడు. "సిగ్నలు దాకా వచ్చినవాడు అదృష్టవంతుడురా అబ్బాయీ" అన్నాడు. ఆయన మాటలో అతిశయోక్తి లేదు. ప్రాజెక్టు కట్టడానికి ఏటికి అడ్డంగా కాఫరు డ్యాము వేశాక, పైనున్న కొండ పల్లెలకు పాత రోడ్డు వరదల్లో మునిగి తెగిపోయింది. పునరావాసానికి పోయినవాళ్ళు పోయారు, పోనివాళ్ళు పడవలను నమ్ముకున్నారు. మన్యంలో పురిటినొప్పులు పడుతున్న ఆడపిల్లను డోలీకట్టి మోసుకొచ్చే దృశ్యం ఇప్పటికీ పత్రికల్లో కనబడుతూనే ఉంది. పెద్ద బండి పోలేని దారుల కోసమని 2018 ప్రాంతంలో మోటారు సైకిలు ఆంబులెన్సులు కూడా పెట్టారు. డోలీ మోసేవాళ్ళకు ఎదురుగా ఎవరైనా వస్తే కాలిబాట దిగి నిలబడతారు. అది ఏ నియమావళిలోనూ ఉన్నది కాదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల విహారానికి వెళుతున్న పడవ వరద గోదావరిలో మునిగింది. 77 మందిలో 26 మంది బతికారు. వాళ్ళను మొదట అందుకున్నవి ప్రభుత్వం పడవలు కావు. దగ్గరలోని తూటుగుంట మనుషులు, కేకలు విని, తమ చిన్న పడవలు తీసుకుని వచ్చి లాగారు. ఆ మలుపు దగ్గర ఫోను పలకదు, సైరను లేదు, దీపం లేదు. ఉన్నవి రెండు గట్ల మధ్య ఉరవడి, దాని మీద అరుపు. పెద్దాయన చెప్పింది ఇదేనని నాకు అర్థమైంది. కబురు కదలడానికీ, బండి రావడానికీ, ఏరు దాటడానికీ గంటలు పోగొట్టుకుని నగరం చేరినవాడి దగ్గర ఆఖరికి మిగిలేవి నిమిషాలు. సిగ్నలు తీసుకునేది ఆ మిగిలినవాటిలోంచి. హైదరాబాదులో పుట్టి హైదరాబాదులో జబ్బుపడినవాడి తొంభై సెకన్లూ, కొండ మీదనుంచి డోలీలో దిగి, పడవెక్కి, పోలవరంలో 108 ఎక్కి వచ్చినదాని తొంభై సెకన్లూ ఒకే తూకం కావు. దీపానికి ఆ తేడా తెలియదు. తెలియజెప్పే పరికరం నూరేళ్ళకు పైగా ఉంది.

మొన్న ఉగాదికి నాన్నగారిని రాజమండ్రిలో పరీక్షలకు తీసుకెళ్ళి బస్సులో వెనక్కు వస్తున్నాను. తాళ్ళపూడి దాటాక ఎదురుగా 108 వస్తోంది. మా బస్సు డ్రైవరు గట్టు అంచుదాకా దించి ఆపేశాడు. మా వెనక టిప్పరు కూడా ఆగింది. దారి మధ్యలో ఉన్న కోడిపిల్లల బుట్ట మనిషి సైకిలుతో సహా పొలంలోకి దిగాడు. బండి ఊడ్చుకుంటూ వెళ్ళిపోయింది. బస్సు కదిలింది గాని నాన్నగారు మాత్రం మెడ తిప్పి అది వెళ్ళినవైపే చూస్తున్నారు. కాసేపటికి, "ఈపాటికి కొవ్వూరు దాటుంటుందిరా" అన్నారు. నేను గడియారం చూశాను. ఇంకా దాటి ఉండదు, కాని ఆ మాట అనలేదు. ఆయన లెక్కవేస్తున్నది కొవ్వూరును గురించి కాదని నాకు తెలుసు.